ఆరోగ్యపు హక్కు

హైదరాబాదు నగరమున అమీరుపేట కూడలి మిక్కిలి సందడి గల చోటు. రెండు మెట్రో రైలు మార్గములు ఇచ్చట ఒకదానిపై నొకటి దాటిపోవుచున్నవి. ఉదయము తొమ్మిది గంటల వేళ స్టేషను మెట్లకడ నిలిచి చూచినచో రెండు తెగల జనులు కానవత్తురు. భుజమునకు సంచి తగిలించుకొని కంప్యూటరు శిక్షణాలయములకు పరుగులు తీయు యువతీయువకులు ఒక తెగ. వారు ఎక్కడెక్కడి జిల్లాలనుండియో వచ్చి ఇచ్చటి వసతిగృహములలో గదికి ముగ్గురు నలుగురు చొప్పున కాపురముందురు. రెండవ తెగవారికి తొందర యున్నను పరుగెత్తలేరు. వారి చేతిలో పెద్ద కాగితపు సంచియు, అందు ఎక్స్‌రే చిత్రములును, రక్తపరీక్షల చీటీలును ఉండును. ఒకరు నడువలేకుండ నుందురు. వేఱొకరు వారి ఱెక్క పట్టుకొని నడిపించుచుందురు. వీరు తరువాతి స్టేషనగు పంజగుట్టలో దిగి నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు పోవువారు. జనులు దానిని ‘నిమ్సు’ అని పిలుతురు.

అమీరుపేటనుండి రెండవ మార్గమున ఒక స్టేషను దూరము పోయినచో బేగంపేట వచ్చును. అచ్చటి పాత విమానాశ్రయమునకు చేరువను ఒక పాత కట్టడము కలదు. దానిని చూడ వచ్చువారు తక్కువ. పంజగుట్ట వైద్యశాలకును ఈ కట్టడమునకును నడుమ దూరము రెండు మూడు మైళ్ళకు మించదు. కాని మానవుడు తన ఆరోగ్యమును గూర్చి తలపోసిన తీరు ఒక శతాబ్దికి పైగా ఎట్లు మాఱినదో తెలియవలెనన్న ఈ రెండు మైళ్ళ నేలను చూచిన చాలును.

పూర్వము మన పల్లెలలో మశూచి వచ్చినను, కలరా వచ్చినను అమ్మవారికి కోపము వచ్చినదని జనులు తలచెడివారు. వేపమండలు గుమ్మమునకు కట్టి, చల్లకుండలు మోసి, పొలిమేరలో ఊరేగింపు జరిపెడివారు. అమీరుపేట ప్రక్కనే యున్న బల్కంపేట ఎల్లమ్మ, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి నేటికిని లక్షల జనులు కొలుచు దేవతలు. 1813లో జంటనగరములలో మహమ్మారి వ్యాపించినపుడు, ఉజ్జయినిలోనున్న సైనిక దళమున పనిచేయుచున్న సురటి అప్పయ్య అను నతడు రోగము శాంతించినచో తన ఊర అమ్మవారికి గుడి కట్టింతునని మ్రొక్కుకొనెననియు, సికింద్రాబాదు ఆలయము అట్లు వెలసినదనియు పెద్దలు చెప్పుదురు. ఈ కథను మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభము. కాని ఇందొక తెలివి యున్నది. అంటువ్యాధి ఒకని పాపము వలన వచ్చునది కాదనియు, ఊరికంతకును వచ్చునదనియు, దానిని ఎదుర్కొనుటయు ఊరంతయు కలసియే చేయవలెననియు ఆ జనులు ఎఱుగుదురు. వారు ఎఱుగనిది రోగకారణము మాత్రమే.

ఆ కారణములలో నొకటి బేగంపేటలో బయటపడినది.

మలేరియా మన దేశమునకు క్రొత్తది కాదు. చలిజ్వరమనియు, మన్యపు జ్వరమనియు దానికి మనవారు పెట్టిన పేర్లు. మన్యమునకు పోయినవాడు తిరిగివచ్చుట అరుదని కోస్తా గ్రామములలో చెప్పుకొనెడివారు. ఐరోపావారు చెడుగాలి వలన ఈ జ్వరము వచ్చునని తలచి, తమ భాషలో ‘చెడుగాలి’ అను అర్థము గల పేరునే దానికి పెట్టిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు ఆల్జీరియాలో జ్వరపీడితుల రక్తమున ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. ఆ జీవి రోగి రక్తమునుండి మఱియొకని రక్తమునకు ఎట్లు చేరుచున్నది? ఆంగ్లదేశమున పాట్రిక్ మాన్సన్ అను వైద్యునకు దోమపై అనుమానము కలిగెను. ఆ అనుమానమును పట్టుకొని పనికి పూనినవాడు రొనాల్డ్ రాస్.

రాస్ 1857లో హిమాలయ ప్రాంతమగు అల్మోరాలో జన్మించెను. భారత వైద్య సేవలో చేరిన సైనిక వైద్యుడు. చిన్ననాడు అతనికి వైద్యముపై ఇష్టము లేదు. కవి కావలెనని కోరిక. 1895లో సికింద్రాబాదున కొలువులో నున్నపుడు దోమలను కోసి చూచుట మొదలుపెట్టెను. రెండేండ్లు అతడు చూచిన దోమలన్నియు వేఱుజాతివి. మలేరియా జీవి వాటి యందు పెరుగదు. అతనికి ఆ సంగతి తెలియదు. నడుమ బెంగుళూరులో కలరాను అరికట్టు పనికి అతనిని పంపిరి. 1897 వేసవిలో నీలగిరి ప్రాంతమునకు పోయి తానే మలేరియా పాలయ్యెను. జూను మాసమున మరల సికింద్రాబాదు చేరెను.

ఆ ఏడు ఎండలు తీవ్రముగా నుండెను. బేగంపేట ఆసుపత్రిలోని చిన్నగదిలో పంకా ఉన్నను విసరించుటకు వీలులేదు. విసరినచో కోసిపెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోవును. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. అతనికి మిగిలిన అద్దము ఒక్కటి, అదియు పగిలియుండెను. ఆగస్టు నడుమ అతని పనివాడొకడు ఒక సీసాలో దోమపిల్లలను తెచ్చియిచ్చెను. అవి పెరిగి రెక్కలు వచ్చినపుడు చూడగా రెక్కలపై మచ్చలు కలవిగా నుండెను. ఇట్టి దోమను రాస్ అంతవఱకు పరీక్షించియుండలేదు.

ఆసుపత్రిలో హుసేన్‌ఖాన్ అను రోగి యుండెను. అతని రక్తమున మలేరియా జీవులు దండిగా నుండెను. ఆగస్టు 16వ తేదీన అతనిని దోమతెర లోపల పరుండబెట్టి ఆ మచ్చల దోమలను లోపలికి విడిచిరి. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి కూలి ముట్టెను. పది దోమలు కుట్టినవి. పది అణాలు వచ్చినవి. నాడు రూపాయికి పదునాఱు అణాలు.

ఆ పదింటిలో కొన్ని చచ్చిపోయినవి, కొన్నిటిని కోసి చూచినను ఏమియు కనబడలేదు. ఆగస్టు 20వ తేదీ మధ్యాహ్నము ఒంటిగంట ప్రాంతమున రాస్ ఒక దోమ కడుపును అంగుళ మంగుళముగా, కాదు, వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా వెదకుచుండెను. కన్నులు అలసియుండెను. ఇక చాలునని లేవబోయినవాడు లేవక మరల చూచెను. కడుపు గోడలో గుండ్రని కణమొకటి, అందు నల్లని చుక్కలు కానవచ్చెను. ఆ నల్లని చుక్కలు మలేరియా జీవిలో కానవచ్చునవియే. మఱునాడు ఇంకొక దోమను కోయగా ఆ కణములు మఱింత పెరిగి కానవచ్చెను. పెరుగుచున్నవి గనుక ప్రాణము గలవని తేలినది. సాయంకాలమున రాస్ తన భార్యకు కొన్ని పద్యములు వ్రాసి పంపెను. చిన్ననాటి కవిత్వము అతనిని విడువలేదు గాబోలు.

అంతటితో పని ముగియలేదు. సెప్టెంబరులోనే అతనిని రాజస్థానమునందలి ఖేర్వాడాకు బదిలీ చేసిరి. అచ్చట మలేరియా రోగులు దొరకుట అరుదు. పాలకుల దృష్టిలో అతడు ఒక సైనిక దళమునకు మందులిచ్చు అధికారి మాత్రమే. 1898లో కలకత్తాకు పోయిన పిమ్మట పక్షులకు వచ్చు మలేరియాను పరీక్షించి, ఆ జీవి దోమ లాలాజలమున చేరి, కాటుతో మఱియొక ప్రాణికి సంక్రమించునని ఋజువు చేసెను. అదే కాలమున ఇటలీలో గ్రాసి మొదలగువారు మనుష్యుల మలేరియాకు అనాఫిలిస్ జాతి దోమయే కారణమని చూపిరి. ఎవరు ముందని ఇరువురి నడుమ చాలకాలము వాదము నడచినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించినది. నేడు ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినమని వ్యవహరించుచున్నారు. బేగంపేట కట్టడము ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనమున రాస్ పేర నున్నది. నల్లకుంటలోని జ్వరాసుపత్రికిని అతని పేరే పెట్టిరి. కాని ఊరిలో ఎవరును ఆ పేరు వాడరు. దానిని ‘కోరంటి దవాఖానా’ అందురు. ‘క్వారంటైను’ అను ఆంగ్లపదము జనుల నోట నలిగి కోరంటి అయినది.

దోమ దొరకినది, ఇక జ్వరమును అరికట్టుట ఎట్లు అను ప్రశ్నకన్న ఎవరి జ్వరమును అరికట్టుట అను ప్రశ్న కఠినమైనది. నాడు సైనికుల ఆరోగ్యముపై ప్రభుత్వమునకు శ్రద్ధ యుండెను. జబ్బుపడిన సైన్యము యుద్ధము చేయలేదు గదా. దండు ప్రాంతమున మురుగు కాలువలు త్రవ్వించిరి, మంచినీటిని కాపాడిరి. దండు హద్దు దాటిన పిదప బస్తీలో ఆ శ్రద్ధ కనబడదు.

ప్రపంచమునను ఇదే తీరు. 1817 మొదలు కలరా బెంగాలునుండి బయలుదేరి ఖండములు దాటెను. అది ఐరోపా నగరములను చేరి వేలకొలది జనులను చంపిన పిమ్మట, 1851లో పన్నెండు రాజ్యముల ప్రతినిధులు పారిస్ నగరమున సమావేశమైరి. దేశములన్నియు కూడి ఆరోగ్యమును గూర్చి మాటలాడిన మొదటి సభ అదియే. అయితే అచ్చట చర్చ ఓడలను ఎన్నిదినములు రేవున నిలుపవలెను, వర్తకమునకు నష్టము లేకుండ రోగమును ఎట్లు ఆపవలెను అనుటను గూర్చియే సాగెను. గంగానది ఒడ్డున కలరాతో చచ్చుచున్న రైతును బ్రదికించుట ఆ సభకు పని కాదు.

హైదరాబాదునకు పాఠము నేర్పినవి రెండు విపత్తులు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొనెను. 1911లో ప్లేగు వచ్చెను. ఎలుకలు చచ్చిపడిన ఇండ్లను విడిచి జనులు ఊరి బయట గుడిసెలలో తలదాచుకొనిరి. అప్పుడు నిజాము ప్రభుత్వము 1912లో నగరాభివృద్ధి మండలిని ఏర్పఱచి ఇఱుకు సందులను విప్పించి, మురుగుకు దారి చూపెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో మూసీపై కట్టిన ఉస్మాన్‌సాగరు 1920 నాటికి పూర్తియై నగరమునకు వరదభయమును తగ్గించి, శుద్ధమైన నీటిని ఇచ్చెను. మందు సీసాకన్న నీటి గొట్టము ఎక్కువ ప్రాణములు కాపాడునని నాటి ఇంజనీర్లు గ్రహించిరి.

ఇవన్నియు ప్రభువుల దయగా జరిగిన పనులు. ప్రభువు తలచినచో జరుగును, తలపకున్న జరుగదు. దయ వేఱు, హక్కు వేఱు. అడిగి పుచ్చుకొనునది దయ. ఇయ్యకున్న నిలదీయగలది హక్కు.

ఈ భేదమును ప్రపంచము వ్రాతపూర్వకముగా అంగీకరించుటకు రెండు మహాయుద్ధములు కావలసివచ్చినవి. 1946 జూలై 22న న్యూయార్కులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళిపై దేశములు సంతకములు చేసినవి. ఆరోగ్యమనగా రోగము లేకపోవుట మాత్రమే కాదనియు, దేహము, మనస్సు, సంఘజీవనము మూడును బాగుండుట యనియు అందు నిర్వచించిరి. జాతి, మతము, రాజకీయాభిప్రాయము, ఆర్థికస్థితి అను భేదము లేక ఉత్తమమైన ఆరోగ్యము ప్రతి మానవునకు మూలహక్కు అని చెప్పిరి. ఆ నిబంధనావళి 1948 ఏప్రిలు 7న అమలునకు వచ్చినది. ఆ దినమే నేడు ప్రపంచ ఆరోగ్య దినము. అదే సంవత్సరము డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటనను ఆమోదించెను. దాని యిరువదియైదవ అధికరణమున తిండి, బట్ట, ఇల్లు, వైద్యము నాలుగును ఒక్కవరుసలో చేరినవి. ఆ ప్రకటన మొదటి అధికరణమున ‘పురుషులందఱు’ అని అర్థము వచ్చు మాటను తీసివేయించి ‘మానవులందఱు’ అని వ్రాయించినది మన దేశ ప్రతినిధి హంసా మెహతా.

మన దేశమున 1943లో నియమింపబడిన జోసెఫ్ భోర్ సంఘము 1946లో తన నివేదిక నిచ్చినది. డబ్బు చెల్లింపలేడను కారణమున ఎవనికిని వైద్యము దొరకకపోరాదని ఆ సంఘము కోరెను. గ్రామములకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రము లను తలంపు అందుండి వచ్చినదే. రాజ్యాంగమున మాత్రము ఆరోగ్యమును ప్రాథమిక హక్కులలో చేర్పలేదు. ప్రజారోగ్యమును మెరుగుపఱచుట ప్రభుత్వ విధి యని నలువదియేడవ అధికరణమున ఆదేశసూత్రముగా వ్రాసిరి. ఆదేశసూత్రమును చూపి న్యాయస్థానమున దావా వేయుటకు వీలులేదు.

హక్కు కాగితముపై నుండగా పని నేలపై సాగినది. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశమున ఏటా సుమారు ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చుచుండెననియు, ఎనిమిది లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నివారణ పథకము ప్రారంభమైనది. ఖాకీ దుస్తుల పనివాండ్రు వీపున డబ్బాలు మోయుచు ఇంటింటి గోడలపై డి.డి.టి. చల్లిరి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగినది. ఇక మలేరియా పోయినదని తలచి పలుచోట్ల పని సడలించిరి. దోమలు డి.డి.టి.కి అలవాటుపడినవి. 1976లో అరువదినాలుగు లక్షలమందికి మరల జ్వరము వచ్చినది. శత్రువు నిద్రించినాడని కోటతలుపులు తీసిపెట్టినట్లయినది.

మశూచి విషయమున అట్లు జరుగలేదు. 1967 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టుదలతో పనిచేసినది. రోగి ఎచ్చటనున్నను వెదకి పట్టుకొని, అతని చుట్టునున్న వారందఱకు టీకాలు వేసిరి. మన దేశమున 1975లో తుది రోగి కనబడెను. 1980 మే 8న మశూచి భూమిపై లేదని ప్రకటించిరి. అమ్మవారికి జరుపు బోనాలు నేటికిని జరుగుచునే యున్నవి. అమ్మవారు పోసినదని భయపడు తల్లి లేకుండ పోయినది.

1978 సెప్టెంబరులో ఆల్మా-ఆటా నగరమున 134 దేశముల ప్రతినిధులు సమావేశమై, క్రీ.శ. 2000 నాటికి అందఱికిని ఆరోగ్యము సమకూర్చవలెనని తీర్మానించిరి. గడువు గడచినది; కార్యము గడువలేదు.

ఇక పంజగుట్టకు రావలెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ నెలకొల్పిన ధర్మనిధి వారు 1960వ దశకమున ఇచ్చట ఎముకల వైద్యశాలను కట్టించిరి. ప్రభువు దానముగా మొదలైన ఆ వైద్యశాల తరువాత ప్రభుత్వమునకు చేరినది. 1989లో రాష్ట్ర శాసనసభ చట్టము చేసి దానికి విశ్వవిద్యాలయపు ప్రతిపత్తి నిచ్చినది. అమెరికాలో పేరుగాంచిన వైద్యుడు, కృష్ణా జిల్లా పెదముత్తేవి గ్రామమున పుట్టినవాడు అగు కాకర్ల సుబ్బారావుగారు దానికి మొదటి సంచాలకులై సంస్థను నిలబెట్టిరి. వారు 2021లో కీర్తిశేషులైరి.

నిమ్సు పూర్తిగా ఉచిత వైద్యశాల కాదు. అచ్చటికి వచ్చు బీదవానికి రోగమెంత భయమో బిల్లును అంతే భయము. పొలము తాకట్టు పెట్టి వచ్చినవారును, పుస్తె అమ్మి వచ్చినవారును ఇట్టి వైద్యశాలల ముంగిట కూర్చుండుట తెలుగుదేశమున క్రొత్త సంగతి కాదు. 2007లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును ప్రారంభించి, తెల్లకార్డు గల కుటుంబములకు గుండె, మూత్రపిండములు మొదలగు వాటి ఖరీదైన చికిత్సల వ్యయమును తానే భరించెను. ఎందఱో బ్రదికిరి. అయితే పెద్ద ఆపరేషనుకు డబ్బు దొరకినంత సులభముగా బస్తీలోని మురుగు కాలువకు డబ్బు దొరకదు. రోగము వచ్చిన పిమ్మట ఇచ్చు చికిత్సను అందఱు చూతురు. రాకుండ చేసిన పనిని ఎవరును చూడరు.

న్యాయస్థానములు కూడ ఈ దారిలో కొంత నడచినవి. గాయపడినవానికి వెంటనే చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధి యని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1992లో బెంగాలున ఒక వ్యవసాయ కూలీ రైలునుండి పడి తలకు దెబ్బ తగిలించుకొనెను. ఒక ఆసుపత్రినుండి మఱియొక ఆసుపత్రికి త్రిప్పిరి. మంచము ఖాళీ లేదనియో, తగిన సౌకర్యము లేదనియో ప్రతిచోటను త్రిప్పిపంపిరి. తుదకు ప్రైవేటు వైద్యశాలలో పదునేడువేల రూపాయలు ఖర్చుపెట్టి బ్రదికెను. 1996లో సుప్రీంకోర్టు ఆ కూలీకి ప్రభుత్వము ఇరువదియైదువేల రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించెను. సకాలమున వైద్యము అందింపకపోవుట ఇరువదియొకటవ అధికరణములోని జీవించు హక్కునకు భంగమే యని తేల్చెను. ఆదేశసూత్రముగా మిగిలిపోయినది ఒక కూలీ వలన హక్కు తలుపు తట్టినది.

2018 నుండి హైదరాబాదు బస్తీలలో బస్తీ దవాఖానాలు వెలసినవి. దగ్గు, జ్వరములకు పెద్ద ఆసుపత్రి వఱకు పోనవసరము లేకుండ వాడలోనే వైద్యుడు దొరకుట వాని ఉద్దేశము. మలేరియాకు మొదటి టీకాను 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. అయినను 2023లో ప్రపంచమున సుమారు ఆఱు లక్షలమంది మలేరియాతో మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు ఆఫ్రికాలోని పసిపిల్లలు.

నేడు అమీరుపేటలో మలేరియాకన్న డెంగీ భయము ఎక్కువ. డెంగీని తెచ్చు దోమ వేఱుజాతిది. రాస్ రెండేండ్లు వృథాగా కోసిచూచిన దోమలలో దాని బంధువులును ఉండినవి. ఇది పగటివేళ కుట్టును. మురుగున కాక మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. వసతిగృహముల మేడపైనున్న మూతలేని తొట్టెలు, పాతటైర్లు, పూలకుండీల క్రింది పళ్ళెములు దానికి పుట్టిల్లు. వానకాలము వచ్చినంతనే పురపాలక సంఘపు కీటక విభాగమువారు సందుసందునకు తిరుగుదురు. చేతిలో చిన్నదీపము, నీటిలోని దోమపిల్లలను తీసిచూచుటకు ఒక గరిటె ఉండును. వసతిగృహపు యజమాని మేడ తాళము దొరకలేదని చెప్పుచుండును. గుమ్మమునొద్ద నిలిచిన ఆ ఉద్యోగి తాళము దొరకువఱకు కదలడు. ఆ మేడ క్రిందిగదులలో నలువదిమంది పిల్లలు పరీక్షలకు చదువుకొనుచున్నారు.